పట్నవాసంలో మెచ్చినవి, నొచ్చినవి



నాట్ల రోజుల్లో మా వెంకటాచలం మండలంలో యే వూరికి వెళ్లినా ఒకే మాట వినబడుతుంది. "కుర్రవాళ్లంతా పట్నం పోయినారు, నారు పీకేదెవరు?" అంటారు పెద్దలు. పోయినవాళ్లు అక్కడ దేన్ని మెచ్చుకుంటున్నారు, దేనికి నొచ్చుకుంటున్నారు అని అడిగేవారు మాత్రం తక్కువ. ఈ పూట ఆ సంగతే ముచ్చటించుకుందాము. ఇది సేద్యానికి సంబంధించిన విషయమేనని చివరకు మీరే ఒప్పుకుంటారు.

పట్నమంటే మన వైపు చెన్నపట్నమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడేదాకా అది మనకు రాజధాని. మన మండలంలోని సర్వేపల్లి పేరును యింటిపేరుగా గల రాధాకృష్ణన్ గారు చదువుకున్నదీ, 1909లో ఉద్యోగంలో చేరిందీ ఆ పట్నంలోనే. కనుక పోవడం కొత్త కాదు, తప్పూ కాదు. ఎలా పోవాలి, వెనుక యేమి వుంచి పోవాలి అన్నదే ప్రశ్న.

ముందు మెచ్చుకునేవి చెబుతాను. మొదటిది, నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. వాన ఎగ్గొట్టినా, దోమపోటు తగిలినా ఆ రోజు మారదు. రెండవది, "నువ్వెవరి అబ్బాయివి, మీదే వాడ?" అని ఎవరూ అడగరు. పని తెలిస్తే చాలు. మూడవది, వసతులు. సెంట్రల్ స్టేషను యెదురుగానే పెద్ద సర్కారు ఆసుపత్రి. ఎగ్మూరులో 1896 నాటి కన్నెమెరా గ్రంథాలయం. చేతిలో డబ్బు లేనివాడైనా అందులో కూర్చుని చదువుకోవచ్చు. ఆడపిల్లలు మెచ్చుకునేది మరొకటి వుంది. లోకల్ రైలులో వారికి వేరే పెట్టె వుంటుంది, నెలకు సొంత సంపాదన వుంటుంది.

ఇక నొచ్చుకునేవి. అన్నిటికంటె ముందు నీళ్లు. మన జిల్లాలోని కండలేరు జలాశయం నుంచి కృష్ణా నీళ్లు కాలువ గుండా పూండికి చేరి, అక్కడ నుంచి పట్నానికి అందుతవి. 1983లో జరిగిన ఒప్పందం ప్రకారం యేటా 12 టి.ఎం.సి.లు ఇవ్వాలి. 1996లో మొదటిసారి ఆ నీళ్లు అక్కడికి చేరినవి. అయినా 2019 వేసవిలో పట్నం చెరువులు అడుగంటినప్పుడు జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తెచ్చి పోసినారు. యింట్లో బావి వున్న పిల్లవాడు అక్కడ బిందె పట్టుకుని లారీ కోసం నిలబడవలసి వచ్చింది. అంతకు ముందు 2015 డిసెంబరులో అదే పట్నం వరదలో మునిగింది.

రెండవది అద్దె. పది నెలల అద్దె ముందుగా కట్టమనడం అక్కడ పాత వాడుక. 2017లో తమిళనాడు చేసిన చట్టం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్టు పుచ్చుకోరాదన్నది. కాబట్టి సంతకం చేయకముందు కాగితం చదివించుకోవాలి. మూడవది, అన్నీ కొనడమే. కరివేపాకూ కొనాలి, తాగే నీరూ కొనాలి. నాలుగవది, జ్వరం వస్తే గంజి కాచి యిచ్చే పొరుగు లేదు. తలుపులు మూసి వుంటవి. బస్సు బోర్డు మీది అరవం చదవలేక మొదటి నెలలు మరీ కష్టం.

దూరపు కొండలు నునుపు గదా. అందుచేత లెక్క వేసి చూద్దాము. నెల జీతం 18,000 రూపాయలు అనుకోండి. గదిలో తన పాలు 4,000, తిండి 5,000, ప్రయాణం 1,000, నీళ్లు, ఫోను, మందులు 1,500. మొత్తం 11,500. మిగిలేది 6,500. యేడాదికి 78,000. పండగ ప్రయాణాలు ఇందులోనే పోవాలి. ఇప్పుడు మీ పొలంలో విత్తు మొదలు నూర్పిడి దాకా ఖర్చు తీసి, యింటి మనుషుల కూలి కూడా కట్టి, యెంత మిగిలిందో పక్కనే రాయండి. ఏది పెద్దదో కాగితమే చెబుతుంది. ఒక్కొక్క యింటికి ఒక్కొక్క జవాబు వస్తుంది.

పిల్లవాడు వెళ్లక తప్పదని తేలితే రెండు జాగ్రత్తలు మరువకండి. అడ్వాన్సు కోసమని మొదటి యేడే ఎకరం అమ్మవద్దు. పట్నం నచ్చనివాడు తిరిగి రావడానికి దారి వుండాలి. పొలం బీడు పెట్టనూవద్దు. కౌలుకిస్తే భూమి పోతుందేమోనని భయపడేవారున్నారు. మన రాష్ట్రంలో 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని యేర్పరిచింది. ఆ కాగితం పంట మీది హక్కే గాని భూమి మీది హక్కు కాదు. నోటిమాట కంటె రాత మేలు. సొంతదారుకూ మేలే, కౌలుదారుకూ మేలే.

చివరి మాట పెద్దలతో. పైన చెప్పిన మెచ్చుకోళ్లను మళ్లీ ఒకసారి తలచుకోండి. ఆసుపత్రినీ, గ్రంథాలయాన్నీ మనం ఒక్కరోజులో తేలేము. కాని చేతికి డబ్బు, మాటకు విలువ ఈ రెండూ మన యింట్లోనే యివ్వవచ్చు. పాతికేళ్ల కొడుకు పొద్దస్తమానం తండ్రి పొలంలో పనిచేసి, టీ డబ్బులకు కూడా తండ్రినే అడగవలసి వస్తే, వాడు రైలెక్కడంలో వింత యేముంది? ఎడగారులో ఒక ఎకరం వాడికి అప్పగించండి. విత్తనం వాడే యెంచుకోవాలి, ఖర్చు వాడే రాయాలి, వచ్చిన పుట్లు వాడే అమ్మాలి. కూతురైనా అంతే. నష్టం వస్తే దెప్పవద్దు. లాభం వస్తే లాక్కోవద్దు.

అలా చేసినా కొందరు వెళతారు. వెళ్లనివ్వండి. విసిగిపోయి వెళ్లినవాడు వెనక్కు చూడడు. విలువ యెరిగి వెళ్లినవాడు కోతలకు వస్తాడు, తెచ్చిన డబ్బులో కొంత పొలంలో పెడతాడు. వచ్చే ఎడగారుకు ఇంకా వ్యవధి వుంది. ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ ఎకరం మాట కదపండి.