రిటైర్మెంటుకు ముందే కలప కొనండి
(స్టాఫ్ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక చెక్కపని నేర్చుకోవాలనే కోరిక మనలో చాలామందికి ఉంది. ఉలి, చిత్రిక, రంపం ఒక్క రోజులో కొనేయవచ్చు. కానీ వాటితో పనిచేయాలంటే ముందు కదలకుండా నిలిచే పనిబల్ల కావాలి. భోజనాల బల్ల మీద చిత్రిక పడితే బల్లా పాడవుతుంది, ఇంట్లో శాంతీ పాడవుతుంది. పనిబల్ల ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే కోత మిల్లు నుంచి వచ్చిన ముతక కలపను దానికి సిద్ధం చేయడానికి టైము పడుతుంది. ఈరోజు ఆ సంగతే చెబుతాను.

ముందు కొనుగోలు లెక్క. అడితిలో కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడవు అడుగుల్లోనూ, వెడల్పు, మందం అంగుళాల్లోనూ తీసుకుని, మూడింటినీ హెచ్చవేసి 144తో భాగించాలి. 5 అడుగుల పొడవు, 24 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న పైపలకకు 2.5 ఘనపుటడుగులు వస్తుంది. కోతలో, చిత్రికలో తరుగు పోతుంది కాబట్టి నాలుగోవంతు అదనంగా తీసుకోండి. టేకే కానక్కర్లేదు. వేప, నల్లతుమ్మ కూడా దెబ్బలకు ఓర్చుకుంటాయి. ఏదైనా చేవ ఉన్న కర్ర చూసుకోండి. బెరడు పక్కనుండే తెల్లటి భాగానికి త్వరగా పురుగు పడుతుంది.

అప్పు ఇచ్చేముందు మనం కేవైసీ చూస్తాం. కలపకు కేవైసీ దానిలోని తడి. పలక చివరి నుంచి అడుగు లోపలికి వెళ్ళి చిన్న ముక్క కోసి, వంటింటి త్రాసులో తూచండి. ఓవెన్‌లో 100 డిగ్రీలకు కాస్త పైన, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్ళీ తూచండి. 230 గ్రాముల ముక్క 200కు దిగిందనుకుందాం. పోయిన 30ని 200తో భాగిస్తే తడి 15 శాతం. ఇంట్లో వాడే కర్రకు 12 శాతం దగ్గర ఉంటే మంచిది. సముద్రతీరంలో కాస్త ఎక్కువున్నా ఫరవాలేదు.

కర్ర ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, వెడల్పులో తగ్గుతుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. వలయాల వెంట తగ్గేది, వాటికి అడ్డంగా తగ్గేదానికి సుమారు రెట్టింపు. అందుకే పచ్చి పలక దొప్పలా వంగుతుంది, మెలి తిరుగుతుంది. పచ్చికర్రతో బల్ల చేస్తే ఆ వంకర బల్లకే వస్తుంది.

ఆరబెట్టడం ఇలా. నీడలో, గాలి ఆడేచోట, నేలకు అడుగు ఎత్తున పలకలు పేర్చండి. వరుసకూ వరుసకూ మధ్య అంగుళం మందం పుల్లలు, ఒకదాని మీద ఒకటి సరిగ్గా వచ్చేలా పెట్టండి. చివరల నుంచి తడి త్వరగా పోయి పగుళ్ళు వస్తాయి కాబట్టి అక్కడ పెయింటు గానీ మైనం గానీ పూయండి. పైన బరువు పెట్టండి. అంగుళం మందానికి ఏడాది అన్నది మోటు లెక్క. ఆ లెక్కన 3 అంగుళాల పలకకు మూడేళ్ళు, అంటే సుమారుగా మనకు ఒక పోస్టింగు!

అంత ఆగలేనివారికి రెండు దారులున్నాయి. ఒకటి, అంగుళంన్నర పలకలు ఆరబెట్టి, రెండేసి అతికించడం. రెండోది, కూల్చిన పాత ఇళ్ళ దూలాలు కొనడం. అవి ఏనాడో ఆరిపోయి ఉంటాయి. కానీ చెద ఉందేమో తట్టి చూడండి, అయస్కాంతంతో మేకులు వెతికి తీసేయండి. దాగిన మేకు ఒక్కటి చాలు, రంపం పళ్ళు విరగడానికి.

ఇక చిత్రిక. ముందు ప్రతి ముక్కనూ కావలసినదానికంటే పావంగుళం పెద్దగా కోసి, రెండు వారాలు వదిలేయండి. వంగేది ఏదైనా ఉంటే అప్పుడే వంగుతుంది. తర్వాత ఒక ముఖం చదును చేయండి. పలక రెండు చివరలా రెండు తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, వంగి ఒకదాని మీదుగా మరొకదాన్ని చూడండి. రెండు అంచులూ సమాంతరంగా లేకపోతే మెలి ఉన్నట్టే. ఎత్తుగా ఉన్న మూలల్లోనే చిత్రిక పట్టండి. ముఖం సరయ్యాక దానిమీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. మూలమట్టంతో ఒక పక్కను దానికి లంబంగా తేవాలి. ఆ తర్వాత మందం, వెడల్పు గీతలన్నీ ఈ రెండు వైపుల నుంచే గీయాలి. ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి కొలిస్తే తేడాలు చక్రవడ్డీలా పెరుగుతాయి.

మనకు బదిలీలు తప్పవు కదా. విశాఖలో చేసిన బల్లను అనంతపురం తీసుకెళ్తే, పొడిగాలికి కర్ర మళ్ళీ కాస్త తగ్గుతుంది. కాళ్ళను బోల్టులతో బిగిస్తే వదులైనప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు, విప్పి లారీలో వేసుకోవచ్చు.

రిటైర్మెంటుకు మూడేళ్ళున్నవారు ఈ ఏడాదే కలప కొనండి. వీడ్కోలు సభ అయ్యాక మొదలుపెడితే, చేతిలో బోలెడంత టైముండీ కర్ర కోసం కాచుకు కూర్చోవాలి. పేర్చిన రోజు తేదీ సుద్దతో రాయండి. నెలకోసారి ఒకే పలకను తూచి, ఆ లెక్క పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. ఎండాకాలంలోనూ బరువు తగ్గడం ఆగిపోతే, ఓవెన్ పరీక్ష మరోసారి చేసి, చిత్రిక చేతికి తీసుకోండి.

సెలవు.