కార్డుకూ కంప్యూటరుకూ మధ్య లైబ్రరీ

పత్తి మిల్లులకు పేరుపడ్డ ఆదోనిలోనో, మన కోసిగిలోనో రేపు కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రం ఒకటి పెట్టాలనుకునే యువకులకు ఈ నాలుగు మాటలు.

సాఫ్ట్‌వేర్ ‘పది మిల్లీమీటర్లు జరుగు’ అంటుంది. మోటారుకు కావలసింది పల్సులు. చుట్టుకు 200 స్టెప్పులు వేసే మోటారును, చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే స్క్రూకు నేరుగా బిగిస్తే మిల్లీమీటరుకు 40 పల్సులు పంపాలి. వాటిని పంపేది కంట్రోల్ కార్డు. ఆ కార్డును పలకరించేది కార్డు తయారీదారు ఇచ్చే లైబ్రరీ, అంటే ముందే రాసి ఉంచిన ఫంక్షన్ల కట్ట.

దాన్ని మన ప్రోగ్రాముకు కలపడమే లింకింగ్. ఏ ఫంక్షన్లున్నాయో హెడర్ ఫైలు కంపైలర్‌కు చెబుతుంది. అసలు కోడ్ ఉన్న లైబ్రరీ పేరు లింకర్‌కు ఇవ్వకపోతే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటూ పని ఆగిపోతుంది. 64 బిట్ ప్రోగ్రాముకు 32 బిట్ లైబ్రరీ అతకదు. షేర్డ్ లైబ్రరీ అయితే లింకయ్యాక కూడా, ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆ ఫైలు సిస్టమ్‌కు దొరకాలి.

ఉచితంగా దొరికే లినక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డుతో మాట్లాడేందుకు ‘హాల్’ అనే పొర ఉంది. కార్డు మారితే డ్రైవరూ, దాని సెట్టింగులూ మారతాయి; మిగతా సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు.

చివరగా ఒక జాగ్రత్త. మొదటి పరీక్ష మోటారుకు కరెంటు ఇవ్వకుండానే చేయండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను మాత్రం లైబ్రరీకి వదలకండి. నొక్కగానే మోటారు కరెంటు తెగేలా వైరింగులోనే పెట్టించండి.