గర్భిణులును నొప్పిమాత్రలును
(మహాసభయందు చేసిన ప్రసంగము)



తలనొప్పి వచ్చినచో అంగడికి కుఱ్ఱవానిని పంపి "నొప్పిమాత్ర" తెప్పించుకొనుట మన యిండ్ల వాడుక. దాని పేరేమని యడుగువారరుదు. మ్రింగునది గర్భవతి యైనచో, ఆ మాత్ర యిద్దరికి చెందినదగును.

శిశువు గుండె, వెన్నెముక, కాలుసేతులు గర్భము నిలిచిన మూడవ వారము మొదలు ఎనిమిదవ వారములోపల రూపుగట్టును. మన కుటుంబములలోనో, దృష్టి తగులునని మూడవ నెల నిండువఱకు ఆ మాట బయటపెట్టరు. మిక్కిలి జాగ్రత్త వలసిన దినములే మనము దాచు దినములు! 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడు నిద్రమందే కాని నొప్పిమందు కాదు, వేవిళ్లకును దానినిచ్చిరి. 1961లో దానిని మానిపించునప్పటికే వేలకొలది శిశువులు అవయవలోపములతో జన్మించిరి.

నొప్పిమాత్రలన్నియు నొకటి కావు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదలగునవి యొక తెగ. ఇవి 20 వారములు దాటిన పిదప శిశువు మూత్రపిండములను మందగింపజేసి ఉమ్మనీటిని తగ్గింపగలవని 2020లో అమెరికా ఔషధశాఖవారు హెచ్చరించిరి. చివరి నెలలలో, పుట్టువఱకు తెఱచియుండవలసిన శిశువు రక్తనాళమొకటి ముందుగనే మూసికొనవచ్చును. తొలినెలలలో సైతము వైద్యుని యాజ్ఞ లేక వీనినంటరాదు. పారాసెటమాలుతో డైక్లోఫెనాకును గలిపిన మాత్రలును అంగళ్లలో గలవు. కావున అట్టపై వ్రాసినదంతయు చదువవలయును.

పారాసెటమాలు మాట వేఱు. గర్భిణులకు వైద్యులు మొదట చెప్పునది యిదియే. 2025లో అమెరికా ప్రభుత్వమువారు దీనికిని పిల్లల ఆటిజమునకును సంబంధము గలదనగా పెక్కు తల్లులు బెదరిరి. కాని స్వీడను దేశమున సుమారు 25 లక్షల పిల్లలను పరిశీలించి, తోబుట్టువులతో తోబుట్టువులను పోల్చి 2024లో ప్రకటించిన శోధనలో అట్టి సంబంధము కానరాలేదు. అక్కఱ యున్నన్నాళ్లే, తగిన మోతాదులోనే వాడవలయును. ఏ మాత్రయు వలదు, ఓర్చుకొమ్మని కోడండ్రకు చెప్పు పెద్దమ్మలతో మేమేకీభవింపము. తొలివారములలో తీవ్రజ్వరమే శిశువు వెన్నునకు చేటు తేగలదు. రక్తపుపోటు భయమున్నవారికి వైద్యులిచ్చు స్వల్పమోతాదు ఆస్పిరినును ఎవరో చెప్పిరని మానరాదు.

మందులషాపులు నడుపు మన సభ్యులకు మా విన్నపమొకటి గలదు. మాత్రకై వచ్చినవారిని "ఇంటిలో నెవరికి? నెల తప్పినదా?" యని యడుగుడు. కుఱ్ఱవాడు సిగ్గుపడినచో, చీటిపై ప్రశ్న వ్రాసి యింటికి పంపుడు. అట్టి చీటీల అచ్చుఖర్చును పోషకులలో నెవరైన వహింతురేని, ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాము.