వేలము తరువాత గడువు

(పట్టణ గ్రంథాలయ సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



నన్ను మాటలాడుమని కోరిన కార్యదర్శిగారు విషయమును నా యిష్టమునకే విడిచిపెట్టిరి. నేను వృత్తిచే న్యాయవాదిని; తీరిక దొరికిన సాయంకాలములందు గ్రంథాలయోద్యమమున పనిచేయు సేవకుడను. కావున చదువునకును కోర్టునకును సంబంధించిన విషయము నొకదానిని ఎన్నుకొంటిని. అది అప్పునకు తాకట్టుపడి వేలమున పోయిన ఇంటిని గూర్చినది.

కొంతకాలము క్రిందట ఒక గృహస్థు నా యొద్దకు వచ్చెను. చేతిలో గుడ్డసంచి, అందులో మూడు కవరులు. కూర్చుండుమన్నను కూర్చుండక, "ప్లీడరుగారూ, మా ఇల్లు వేలమైపోయినదండి. ఇక ఎన్నాళ్లు ఉండనిస్తారు? పిల్లదాని పరీక్షలు అయ్యేదాకా ఉండవచ్చునా?" అని అడిగెను. నేను కవరులను తీసి చూచితిని. మూడింటిలో రెండు విప్పనే లేదు. మొదటిది వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు దాటినది. "ఎందుకు విప్పలేదయ్యా?" యంటిని. "భయమండి. పెద్దవాళ్లకు తెలిస్తే పరువు పోతుందని దేవుడి గూటిలో పెట్టాను" అనెను.

మహాశయులారా! ఆతని ప్రశ్నకు నేను చెప్పవలసివచ్చిన సమాధానము కఠినమైనది. చట్టమిచ్చు గడువులో హెచ్చుభాగము వేలమునకు ముందే గడచిపోవును. తరువాత మిగులునది కొంచెము. వేలము తరువాత ఇల్లు విడుచుటకు ఎన్ని దినములున్నవని అడుగువారు వేలకొలది. వేలమునకు ముందు నాకు ఎన్ని దినములున్నవని అడుగువారు అరుదు. ఈ తారుమారు వలననే ఇండ్లు పోవుచున్నవి.

ఇల్లు వేలమగుటకు మన దేశమున ముఖ్యముగ రెండు దారులు కలవు. మొదటిది కోర్టు దారి. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము ఋణదాత దావా వేయవలెను. కోర్టు మొదట ప్రాథమిక డిక్రీ నిచ్చి, బాకీ చెల్లించుటకు సాధారణముగ ఆరు మాసముల గడువు నిర్ణయించును. అప్పటికిని చెల్లింపనిచో తుది డిక్రీ, ఆపైన వేలము. వేలమైన తరువాత కూడ ద్వారము మూసికొనదు. కోర్టు ఆ అమ్మకమును ఖాయపరచులోపల బాకీ సొమ్మును, కొన్నవానికి పరిహారముగ వేలపు ధరలో నూటికి అయిదు వంతులును కట్టి ఇంటిని విడిపించుకొనవచ్చును. వేలములో మోసమో తీవ్రమైన అక్రమమో జరిగి నష్టము కలిగినచో దానిని రద్దుచేయుమని అరువది దినములలోపల అర్జీ పెట్టవచ్చును. అమ్మకము ఖాయమైన పిమ్మట కొన్నవాడు స్వాధీనము కొరకు ఒక సంవత్సరములోపల కోర్టును కోరవలెను. అప్పుడు అమీనా వచ్చును. వెడలనివారిని వెడలించుటకు కోర్టునకు అధికారము కలదు. ఇంటివానికి ఇన్ని దినములని ప్రత్యేకముగ వ్రాసియుండలేదు కాని, ఈ మెట్లన్నియు దిగునప్పటికి కాలము కొంత దొరకును.

రెండవది 2002వ సంవత్సరమున పార్లమెంటు చేసిన చట్టపు దారి. దీనిని జనులు సర్ఫేసీ చట్టమని పిలుచుచున్నారు. బ్యాంకులును గృహఋణ సంస్థలును దావా వేయకయే, తమ అధికారిచేతనే తాకట్టు ఆస్తిని అమ్ముకొనుట కిది వీలు కలిగించినది. పెద్ద పెద్ద బాకీలు కోర్టులలో ఏండ్ల తరబడి నిలిచిపోవుచుండుటచే దీనిని చేసిరి. సుప్రీంకోర్టు 2004లో ఈ చట్టమును నిలబెట్టెను. కాని ట్రిబ్యునలు గడప త్రొక్కుటకే బాకీలో నూటికి డెబ్బదియైదు వంతులు ముందు కట్టవలెనను నిబంధనను కొట్టివేసెను. నేడు మన పట్టణములలో ఇండ్లు పోవుచున్నది చాలవరకు ఈ దారినే.

ఇందలి గడువులను వ్రేళ్లమీద లెక్కపెట్టుకొనుడు. వాయిదా తొంబది దినములకు మించి నిలిచిపోయినచో బ్యాంకు ఆ ఖాతాను మొండిబాకీగ ఎంచును. అప్పుడు మొదటి నోటీసు వచ్చును. అందులో అరువది దినముల గడువుండును. దానికి మీరు వ్రాతపూర్వకముగ ఆక్షేపణ పంపవచ్చును. పంపినచో పదునైదు దినములలోపల కారణములు చూపి సమాధానము వ్రాయుట బ్యాంకునకు విధి. అరువది దినములును గడచినచో స్వాధీనపు నోటీసు మీ తలుపునకు అంటింపబడును. ఏడు దినములలోపల రెండు పత్రికలలో పడును. ఆ రెంటిలో ఒకటి దేశభాషా పత్రిక కావలెనని నిబంధన. తరువాత వేలమునకు ముందు ముప్పది దినముల నోటీసు. అనగా మొదటి వాయిదా తప్పిననాటి నుండి వేలము నాటికి ఎంత తొందరపడినను సుమారు ఆరు మాసములు పట్టును. ఈ ఆరు మాసములే నిజమైన గడువు. నా కక్షిదారుడు దేవుని గూటిలో దాచిపెట్టినది ఈ ఆరు మాసములనే.

మరి వేలము తరువాత? ఇంటివానికి ఇన్ని దినములని ఈ చట్టమున ఒక్క అక్షరమైనను లేదు. అది స్వాధీనము ఎట్టిదను దానిపై ఆధారపడును. వేలమునకు ముందే బ్యాంకు తాళము వేసికొనియుండినచో అడుగవలసిన గడువే లేదు. కేవలము నోటీసు అంటించి కాగితముపై స్వాధీనము తీసికొనియుండి, కుటుంబమింకను లోపలనే యుండినచో, బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటు వంటి అధికారికి దరఖాస్తు పెట్టవలెను. ఆయన ముప్పది దినములలోపల, తప్పనిచో కారణములు వ్రాసి మొత్తము అరువది దినములలోపల ఉత్తరువు చేయవలెనని చట్టము. అయితే ఆ గడువు దాటినంత మాత్రమున ఆయన అధికారము పోదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పెను. ఉత్తరువైన పిమ్మట అధికారులు వచ్చు దినమే మీ కడపటి దినము. అది కొన్ని వారములు కావచ్చును, కొన్ని మాసములు కావచ్చును. దానిని నమ్ముకొని పిల్లల పరీక్షలను నిర్ణయించుకొనుట తగదు.

ఇందులో ఇంకొక సూక్ష్మము కలదు. 2016కు పూర్వము వేలమునకు నిర్ణయించిన దినమునకు ముందు ఎప్పుడైనను బాకీ యంతయు కట్టి ఇంటిని విడిపించుకొను హక్కుండెను. 2016 సవరణచే ఆ హక్కు వేలపు ప్రకటన వెలువడు తేదీకి ముందే ముగియును. సుప్రీంకోర్టు 2023లో ఈ మాటనే స్థిరపరచెను. ఆ తరువాత సొమ్ము తెచ్చినను పుచ్చుకొనుట బ్యాంకు దయ; మీ హక్కు కాదు. 1908 నాటి పరప్రభుత్వపు కోడు వేలము ఖాయమగువరకు తెరచియుంచిన ద్వారమును, స్వతంత్ర భారతపు శాసనము ప్రకటన అచ్చగునప్పటికే మూయుచున్నది! ఆ ప్రకటన మీ ఎదుట బల్లమీదనున్న పత్రికలలోనే పడుచున్నది. మనము దానిని దాటి సినిమా వార్తలకు పోవుచున్నాము.

బ్యాంకుల పక్షమున ధర్మము లేదని నేననను. వారి యొద్దనున్నది మనవంటి వారు దాచుకొన్న సొమ్ము. తీసికొన్న అప్పు తీర్చవలసినదే. "స్టే తెచ్చెదను, పదేండ్లు హాయిగ ఉండుడు" అని చెప్పు న్యాయవాదిని నమ్మవలదు. స్టే నడచినన్నాళ్లును వడ్డీయు నడచును. వేలపు సొమ్ము బాకీకి చాలనిచో మిగిలిన బాకీకై మరల మీపైకి రావచ్చును. అట్లే సొమ్ము బాకీకి మించినచో ఆ మిగులు మీదే. దానిని వ్రాసి అడిగి పుచ్చుకొనవలెను. ఈ సంగతి తెలియక ఊరకున్నవారిని నేనెరుగుదును.

కావున మీరు చేయదగిన పనులు చెప్పెదను. నోటీసు వచ్చిననాడే విప్పి, తేదీని గోడమీద వ్రాసికొనుడు. లెక్క తప్పుగనున్నచో అరువది దినములలోపల ఆక్షేపణ పంపి రశీదు దాచుకొనుడు. అసలు, వడ్డీ కలిసిన మొత్తములో నూటికి ఇరువది వంతులకు తక్కువ బాకీ మిగిలియున్నచో ఈ చట్టము వర్తింపదని తెలిసికొనుడు. ఇల్లు నిలుపుకొనలేమని తోచినచో, వేలమునకు విడువక ముందే బ్యాంకు సమ్మతితో మీరే మంచి ధరకు అమ్ముడు. స్వాధీనపు నోటీసు అక్రమమైనచో నలువదియైదు దినములలోపల ఋణవసూలు ట్రిబ్యునలునకు పోవలెను. అవి హైదరాబాదులోను విశాఖపట్నములోను గలవు. ఊరిలోని సివిలు కోర్టులో ఇంజక్షను కొరకు తిరుగుచు ఆ దినములను పోగొట్టుకొనవలదు. ఈ వ్యవహారములందు దానికి అధికారము లేదు.

ఇంకొకటి. వీధిరౌడీలను వెంటబెట్టుకొని వచ్చి సామాను బయట పారవేయు హక్కు ఏ బ్యాంకునకును లేదు. వేలములో కొన్నవానికిని లేదు. ప్రైవేటు వడ్డీవ్యాపారికి ఈ 2002 చట్టమే వర్తింపదు. అతడు కోర్టుకు పోయి తీరవలెను. వచ్చినవారిని ఉత్తరువు చూపుమని అడుగుడు. చూపినచో ఎదిరింపక, సామానునకు జాబితా వ్రాయించి ప్రతి తీసికొని, తలయెత్తుకొని బయటికి నడువుడు. తాకట్టుపడినది ఇల్లే గాని మంచములు, పాత్రలు, పిల్లల పుస్తకములు కావు. మీ పరువు అసలే కాదు.

చట్టము మారవలసిన చోటు కూడ కలదు. ఫ్యాక్టరీకిని పసిపిల్లలున్న రెండు గదుల ఇంటికిని ఒకే కొలత పనికిరాదు. నివాసగృహము వేలమైన పిమ్మట కుటుంబము వేరొక చోటు వెదకికొనుటకు ఇన్ని దినములని చట్టమునందే స్పష్టముగ వ్రాయవలెను. విడిపించుకొను హక్కును వేలము నాటి వరకైనను మరల పొడిగింపవలెను. దీనివలన ఋణదాతకు పోవునది కొన్ని వారములు. కుటుంబమునకు దక్కునది ఇల్లు. మన ప్రతినిధులను ఈ మాట అడుగుట మన విధి.

చట్టము మారునంతవరకు మనము ఊరకుండనక్కరలేదు. వారమునకొక సాయంకాలము ఈ బల్లయొద్దనే కూర్చుండి, ఇరుగుపొరుగువారి కవరులను విప్పి చదివిపెట్టుదము. నేను వచ్చెదను, ఇంకొక యిద్దరు చదువరులు రావలెను. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వారిని తీసికొనిపోవుట మన పని.

నా కక్షిదారుడేమయ్యెనని మీరడుగవచ్చును. ఇల్లు దక్కలేదు. కొన్నవానితో మాటలాడి, పరీక్షలు ముగియువరకు ఉండుటకు వ్రాతపూర్వకముగ ఒప్పించితిమి. అది చట్టమిచ్చినది కాదు. ఒక మనిషి మరియొక మనిషికి ఇచ్చినది. ఇల్లు విడిచిననాడు ఆతడు తాళపుచెవి నా చేత పెట్టి, "మొదటి కవరు వచ్చిననాడే మీ దగ్గరికి రావలసిందండి" అనెను. ఆ మాట మన పట్టణమున మరియొకరు అనవలసిన యవసరము రాకుండుగాక! సెలవు.