టేపులలోని దృశ్యములను కంప్యూటరునకు ఎక్కించుట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను కావ్యములను గూర్చి యేదేని చెప్పుదునని మీలో పలువురు తలంచి యుందురు. కాని యీ రజతోత్సవమునకై గ్రంథాలయపు బీరువాలను సర్దుచుండగా ఒక మూలనుండి పదునాలుగు వీడియో క్యాసెట్టులు బయటపడినవి. కొన్నిటిపై పేరు లేదు. కొన్నిటిపై సిరా వెలిసిపోయినది. ఒకదానిలోని నాడాపై తెల్లని బూజు కానవచ్చినది. ఆ దినము మొదలు నా మనస్సు కావ్యములను విడిచి యీ క్యాసెట్టులను పట్టుకొన్నది. టేపులోని దృశ్యమును కంప్యూటరునకు ఎక్కించుట యెట్లు, ఆ పని ఆలస్యము చేయరాదనుట యెందులకు అను రెండు సంగతులను మాత్రమే మనవి చేసెదను.

ఉప్పుగూడ, లాల్‌దర్వాజా, గౌలిపురా ప్రాంతములలో అటకమీద ఒక్క క్యాసెట్టయినను లేని యిల్లు అరుదు. పెండ్లి, ఉపనయనము, గృహప్రవేశము వీనితోపాటు ఆషాఢ బోనముల టేపులును కలవు. మహాకాళి గుడి ముంగిట పోతరాజు వీరంగము, తలపై బోనమెత్తుకొన్న ఆడుబిడ్డలు, ఘటముల ఊరేగింపు, రంగమునాడు వినిపించిన భవిష్యవాణి అందు నిలిచియున్నవి. నాటి వీధులెట్లుండెనో, నాటి పెద్దలెట్లు మాటలాడిరో ఏ గ్రంథమునను లేదు. ఆ నాడాలలో నున్నది.

ఇంతకును నాడా యనగా నేమి? పలుచని ప్లాస్టిక్కు పట్టీమీద ఇనుప సమ్మేళనపు పొడిని జిగురుతో పూసినదే నాడా. జపాను దేశపు జేవీసీ సంస్థ 1976లో వెలువరించిన వీహెచ్‌ఎస్ పద్ధతిలో దాని వెడల్పు అర అంగుళము. వీసీఆరులోని గుండ్రని డోలు మన దేశపు పాల్ పద్ధతిలో నిమిషమునకు 1500 మారులు తిరుగుచు, ఆ పొడిలోని అయస్కాంతపు గుర్తులను చదువును. తాళపత్రమున గంటముతో గీచిన గీత కంటికి కనబడును. ఇచ్చట గీత కనబడదు. యంత్రము లేనిదే టేపు మూగది.

ఆ యంత్రమే యిప్పుడు కరవగుచున్నది. వీసీఆరులను చివరివరకు తయారు చేయుచు వచ్చిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానుకొన్నది. నాడాకును ఆయుర్దాయము కలదు. వానకాలపు చెమ్మను పీల్చి జిగురు మెత్తబడును, పొడి రాలును, బూజు పట్టును. యునెస్కోయు, ధ్వని దృశ్య భాండాగారముల అంతర్జాతీయ సంఘమును కలిసి 2019లో ప్రపంచమంతటను ఉన్న టేపులను గూర్చి ఒక హెచ్చరిక చేసినవి. టేపు చెడుటకంటె ముందుగా దానిని చదువు యంత్రములే కనుమరుగగునని దాని సారాంశము.

నా యనుభవమొకటి చెప్పుదును. మా యింట 1992లో జరిగిన పెండ్లి టేపులో మా తల్లి మంగళహారతి పాడినది. ఆమె గొంతు మరియెచ్చటను లేదు. మూడేండ్ల క్రిందట ఎవరియొద్దనో ఒక పాత వీసీఆరు తెచ్చి, దాని లోపలి భాగములను శుభ్రపరుపకయే, ఆ టేపును ముందుకును వెనుకకును నాలుగైదుమారులు తిప్పితిని. తప్పు నాదే. నాడా చిక్కుపడి నలిగినది. మొదటి చరణము దక్కినది. రెండవ చరణము వచ్చుచోట గీతలును, గరగర ధ్వనియు మాత్రమే మిగిలినవి. మీకు ఆ నష్టము కలుగరాదనియే యీ ప్రసంగము.

ఇక పద్ధతి వినుడు. ముందుగా వీసీఆరు చదువు శిరస్సును తెలిసినవారిచేత శుభ్రము చేయింపవలెను. అక్కరలేని టేపు నొకదానిని వేసి పరీక్షింపవలెను. బూజు పట్టిన టేపును యంత్రములో వేయనే కూడదు. వేసినచో ఆ బూజు తరువాతి టేపునకును అంటును. వీసీఆరు వెనుకనుండి పసుపుపచ్చని తీగ బొమ్మను, తెలుపు ఎరుపు తీగలు ధ్వనిని తెచ్చును. వానిని క్యాప్చర్ పరికరమను చిన్న డబ్బీకి తగిలించి, డబ్బీని యూఎస్‌బీ తీగతో కంప్యూటరునకు కలుపవలెను. కంప్యూటరులోని సాఫ్ట్‌వేరులో పాల్ పద్ధతిని ఎంచుకొని, ముందుగా రికార్డు మీటను నొక్కి, పిదప వీసీఆరును ఆడింపవలెను. గంట టేపు ఎక్కుటకు గంట పట్టును. దీనికి దగ్గరిదారి లేదు.

1995లో వచ్చిన డీవీ పద్ధతి టేపుల సంగతి వేరు. వానిలో దృశ్యము అంకెల రూపముననే యున్నది. కెమెరాను ఫైర్‌వైర్ అను తీగతో కంప్యూటరునకు కలిపినచో ఆ అంకెలు ఉన్నవి యున్నట్లే దిగును. సాఫ్ట్‌వేరే కెమెరాను ఆడించును, ఆపును. ప్రతి చిత్రముతోపాటు వ్రాయబడిన గంట, నిమిషము, సెకను గుర్తులను చదివి ఏ ముక్క యెక్కడ మొదలయ్యెనో విడదీయును. గంట దృశ్యమునకు సుమారు 13 గిగాబైట్ల చోటు కావలెను. అయితే క్రొత్త కంప్యూటరులలో ఫైర్‌వైర్ రంధ్రము కానరాదు. 2025లో ఆపిల్ సంస్థ తన మాక్ కంప్యూటరుల క్రొత్త వ్యవస్థనుండి దానిని తొలగించినది. కావున ఆ తీగకు చోటున్న పాత కంప్యూటరు మీ యింట నున్నచో తూకమునకు అమ్మివేయకుడు.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక లెక్క చెప్పక మానలేను. పాల్ పద్ధతిలో సెకనునకు 25 చిత్రములు. గంటకు 90,000. చిట్టాను ఆవర్జాతో సరిచూచినట్లు, ఎక్కిన చిత్రములను ఈ సంఖ్యతో సరిచూడవలెను. 89,640 మాత్రమే వచ్చినవనుకొనుడు. 360 చిత్రములు, అనగా పదునాలుగు సెకనులకు పైబడిన దృశ్యము, జారిపోయినదన్నమాట. డిస్కు మందగించుటయో, అదే సమయమున కంప్యూటరుతో వేరుపని చేయించుటయో, టేపునుండి వచ్చు సంకేతము తడబడుటయో దీనికి కారణము. చిత్రములిట్లు జారినచో పెదవి యొకప్పుడు, మాట యొకప్పుడు అగును. జారిన చోటును గుర్తించి, టేపు తాళగలిగినచో మరల ఎక్కింపవలెను.

తరువాతిది కూర్పు, దీనినే ఎడిటింగు అందురు. ఇచ్చట మన పూర్వుల పద్ధతి మనకు దారి చూపును. వ్రాయసకాడు తాను చూచినట్లే వ్రాసితినని గ్రంథాంతమున చెప్పుకొనెడివాడు. తనకు నచ్చని పద్యమును తీసివేయు హక్కు అతనికి లేదు. సీ. పీ. బ్రౌను దొర కడపలో పండితులకు స్వంత సొమ్ముతో జీతములిచ్చి, వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన వేమన పద్యములను 1829లో ముద్రింపించెను. ఒక ప్రతిలో తప్పు గలచోట మరియొక ప్రతి అక్కరకు వచ్చుననుట ఆయన పనిలోని కిటుకు. మన టేపులకును అంతియే. ఎక్కించిన మొత్తమును మాతృకగా భద్రపరచి, దాని నకలునందే కత్తిరింపులు చేయవలెను. కెమెరా అదిరినదని, చీకటిగా నున్నదని మాతృకలో కోయకుడు. ఆ అదురులో, చీకటిలో ఎవరి తాతగారి ముఖమున్నదో మనకు తెలియదు. ఒకే పెండ్లి టేపు ఇద్దరు బంధువుల యింట నున్నచో మొదటి టేపును వెదకి దానినే ఎక్కింపుడు. వీహెచ్‌ఎస్ నకలు ప్రతిమారును కొంత వన్నె కోల్పోవును.

నిర్లక్ష్యముచేత పోయినవి సామాన్యమైనవి కావు. 1932లో వెలువడిన మన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద నేడు చూతమన్న లభింపదు. 1969లో చంద్రునిపై మానవుడు కాలుమోపిన దృశ్యముల మూల టేపులను తుడిచి, వేరుపనికి వాడుకొనియుందురని అమెరికాలోని నాసా సంస్థ 2009లో తేల్చినది. వేరుచోట్ల దాచియుంచిన టెలివిజను ప్రతులనుండి ఆ దృశ్యములను మరల శుభ్రపరచుకొనవలసి వచ్చినది. అంత గొప్ప సంస్థకే పరుల ప్రతి దిక్కయినది. కావున రెండు డిస్కులలో రెండు ప్రతులుంచి, వానిని రెండు వేరువేరు చోట్ల దాచుడు. అసలు టేపును పారవేయకుడు.

చివరగా ఒక ప్రార్థన. 1901లో మన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు పుస్తకమును నలుగురి సొత్తుగా జేసిరి. టేపును అట్లు చేయుట మన వంతు. బీరువాలోని పదునాలుగు క్యాసెట్టులును మూడేసి గంటలవే యనుకొన్నను మొత్తము 42 గంటలు. సాయంకాలమున రోజునకొక గంట చొప్పున 42 దినములలో పని తీరును. డీవీ పద్ధతిలో నిలువచేసినను 546 గిగాబైట్లు; చిన్న డిస్కొక్కటి చాలును. సాగుబాటులో నున్న వీసీఆరు నొకదానిని గ్రంథాలయము సంపాదించినచో సాయంకాలము కూర్చుండుటకు నేను సిద్ధము. మీ యిండ్లలోని టేపులను తెండు. ఎక్కించి, టేపును, నకలును మీకే యిచ్చెదము. అందలి మనుష్యులను గుర్తుపట్టగల పెద్దలు మనమధ్య నుండగనే ఎవరు యెవరో, ఏ వీధియో, ఏ సంవత్సరమో ఒక పుస్తకమున వ్రాసికొందము. పేరు తెలియని ముఖము సగము పోయినట్లే.

మా తల్లి పాటలోని రెండవ చరణమును నేనిక తిరిగి తేలేను. మీ యింటి రెండవ చరణము ఇంకను అటకమీదనే యున్నది. ఈ వానకాలము ముగియకముందే దానిని దింపుడు.