పరాయి ఊరు మన ఊరయ్యేదెప్పుడు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఈసారి విదేశాల నుంచి చాలామంది వస్తున్నారు, వాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, యూరప్‌లో ఎలా బతకాలో నేను మీకు చెప్పడమంటే కొండ కింద ఉండేవానికి తిరుమల దారి చెప్పినట్టే. అందుకని విషయాన్ని తిరగేసి చూద్దామనుకున్నాను. మనవాళ్లు పరాయి దేశాల్లో ఇళ్లు కట్టుకోవడం ఈ యాభై ఏళ్ల మాట. అంతకు ఎంతో ముందే పరాయి దేశస్థులు వచ్చి మన సీమ పల్లెల్లో, చిన్న ఊర్లలో కాపురం పెట్టారు. వాళ్లలో కొందరు ఇక్కడివాళ్లయిపోయారు, కొందరు కాలేదు. ఆ తేడా ఎక్కడొచ్చిందో చూస్తే మీకూ పనికొస్తుంది, ఊర్లో ఉండిపోయిన మాకూ పనికొస్తుంది.

మొదట హార్సిలీ హిల్స్ సంగతి. మనమందరం ఎక్స్‌కర్షన్‌కు పోయిన కొండే. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల అక్కడి జనానికి మందూమాకూ ఇచ్చేదని, ఒకనాడు కనిపించకుండా పోయిందని కథ. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినాకే ఇటు వచ్చింది. ఆ కడప జిల్లాకు కలెక్టరుగా ఉండిన హార్సిలీ దొర ఎండలకు తాళలేక, సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తున్న ఆ కొండ మీద వేసవి బంగళా కట్టుకున్నాడు. ఇల్లు బాగా కుదిరింది, గాలి బాగా కుదిరింది, కొండకు ఆయన పేరూ కుదిరింది. అయితే ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ హార్సిలీ దొర మా ఇంటికి వచ్చాడనో, మాకు ఫలానా మేలు చేశాడనో చెప్పుకునే కథ నేను వినలేదు. మల్లమ్మ గుడిలో మాత్రం ఈనాటికీ దీపం పెడుతున్నారు. చల్లదనం కోసం కట్టుకున్న ఇంటికీ, మనుషుల మధ్య పెట్టుకున్న కాపురానికీ ఉన్న దూరం అది.

అదే కడప జిల్లాకు 1820లో ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు ఒకడు కొలువుకు వచ్చాడు. సి.పి. బ్రౌన్. ఆయనా దొరే, ఆయనకూ బంగళా ఉంది. కాకపోతే ఆ బంగళాలో ఆయన పండితులకు జీతాలిచ్చి పెట్టుకున్నాడు. తాటాకు పుస్తకాలు తెప్పించి, ప్రతులు రాయించి, తప్పులు దిద్దించాడు. పండితులు పట్టించుకోని వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించాడు. నిఘంటువులు కట్టాడు. రైతుతో, బంట్రోతుతో మాట్లాడాలంటే వాళ్ల తెలుగే రావాలని పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఆయన బంగళా ఉండిన చోటే ఈనాడు కడపలో ఆయన పేరున గ్రంథాలయం, పరిశోధన కేంద్రం నడుస్తున్నాయి. దొరల బంగళాలు ఎన్నో కూలిపోయాయి. పుస్తకాలకు చోటిచ్చిన ఆ బంగళా జాగాకు మాత్రం జనం మళ్లీ ఊపిరి పోశారు.

ఇప్పుడు మదనపల్లెకు వద్దాం. ఐర్లండు నుంచి జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ అనే దంపతులు 1915లో అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసుకు వచ్చారు. జేమ్స్ కవి. బిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో పని. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి చేరాడు. సముద్రం పక్కనున్న చల్లటి దేశంలో పుట్టినవాళ్లు చెనిక్కాయ చేలు, గుండ్రాళ్ల గుట్టల మధ్యకు వచ్చి పడ్డారు. తిండి విషయంలో మాత్రం వాళ్లకు పెద్ద కష్టం లేకపోయి ఉండాలి. ఇద్దరూ ఐర్లండులో ఉన్నప్పటి నుంచే శాకాహారులు. అక్కడ మాంసం ముట్టనివాళ్లంటే వింతగా చూస్తారు, మన దగ్గర ఆ వింత లేదు.

మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడి లండన్‌లో, ఐర్లండులో జైలుకు పోయి వచ్చిన మనిషి. అంతటి మనిషి మదనపల్లెలో ప్రిన్సిపాల్ గారి భార్యగా ఇంట్లో కూర్చోలేదు. ఊరి ఆడవాళ్లను కూర్చి అబలాభివర్ధనీ సమాజం నడిపింది. ఆ చిన్న ఊరి అనుభవమే 1917లో మద్రాసులో పుట్టిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కు ఒక మెట్టయింది. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళల బృందం మాంటేగును కలిసి ఓటు హక్కు అడిగింది. ఆ ప్రయత్నానికి వెనక ఉండి నడిపింది మార్గరెట్టే. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడంలోనూ ఆమెది పెద్ద చెయ్యి. 1932లో వాక్ స్వాతంత్ర్యాన్ని అణిచే చట్టాలను ఎదిరించి మాట్లాడినందుకు వేలూరు జైలుకు పోయింది. తన పుట్టింటి దేశంలో ఏ మాటకు జైలుకు పోయిందో, మన దేశంలోనూ అలాంటి మాటకే పోయింది. ఊరి కష్టం తనదనుకున్నదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

1919 ఫిబ్రవరి ఆఖర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చి కొన్నాళ్లు వీళ్ల దగ్గర ఉన్నారు. ఒక సాయంత్రం పిల్లలు, అధ్యాపకులు కూడిన చోట తను 1911లో రాసిన జనగణమన పాడి వినిపించారు. పల్లవి దగ్గర పిల్లలు గొంతు కలిపారు. ఆ రోజుల్లోనే దానికి తన చేత్తో ఇంగ్లీషు అనువాదం రాసి, కింద 1919 ఫిబ్రవరి 28 అని తేదీ వేశారు. మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి రాసింది. ఒక బెంగాలీ కవి, ఒక ఐరిష్ సంగీతకారిణి, మన తెలుగు పిల్లలు కలిసిన చోట ఆ పాట కాగితం మీద స్వరాలతో నిలబడింది. మన బడిలో రోజూ పొద్దున్నే వరుసల్లో నిలబడి పాడింది ఆ పాటే.

కజిన్స్ దంపతులు తర్వాత చాలా ఊర్లు తిరిగారు. జేమ్స్ జపాన్‌లో పాఠం చెప్పాడు, తిరువాన్కూరు సంస్థానంలో కళలకు సలహాదారుగా పనిచేశాడు. మధ్యలో మళ్లీ మదనపల్లె కాలేజీకి వచ్చాడు. 1944లో మార్గరెట్‌కు పక్షవాతం వచ్చింది. డబ్బుకు ఇబ్బందైనప్పుడు మద్రాసు ప్రభుత్వం, ఆ తర్వాత నెహ్రూ ఆదుకున్నారు. 1954లో ఆమె పోయింది. జేమ్స్ 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే కన్నుమూశాడు. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన మనిషి చివరి శ్వాసకు మన ఊరినే చూసుకున్నాడు.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ అంటే చావే అనుకునే కాలంలో, పొడిగాలి, ఎత్తైన నేల చూసి 1915లో అక్కడ శానిటోరియం తెరిచారు. దాన్ని నిలబెట్టిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-ములర్‌ది డెన్మార్క్. సొంత ఇంటివాళ్లే విడిగా గిన్నె పెట్టి దూరంగా ఉంచిన రోగుల మధ్య ఆయన కాపురం పెట్టాడు. తర్వాత ఆయన కొడుకూ అక్కడే డాక్టరయ్యాడు. మన దేశంలో బి.సి.జి. టీకా పని 1948లో మొదలైనప్పుడు ముందు వరుసలో ఉన్న చోటు మదనపల్లెనే. మీ భుజం మీదున్న ఆ చిన్న మచ్చకూ ఈ ఊరికీ అలా చుట్టరికం ఉంది.

రిషివ్యాలీకి 1950లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన గోర్డన్ పియర్స్ ఇంగ్లీషువాడు. స్వాతంత్ర్యం వచ్చి తోటి దొరలు ఓడ ఎక్కి పోతున్న కాలంలో ఆయన మన కరువు సీమ లోయకు వచ్చాడు. అధికారం పోయినాక కూడా ఉండాలనుకున్నవాడే ఊరిని నిజంగా కోరుకున్నవాడు.

ఇది మన దగ్గరే ఉన్న నీతి అనుకోవద్దు. ఫ్రాన్సులో దోర్దోన్ వైపు పల్లెల్లో పాత రాతి ఇళ్లు కొని కాపురం పెట్టిన ఇంగ్లీషువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ అంగట్లోకి అడుగు పెట్టగానే "బోంజూర్" అనకుండా సరుకు అడిగితే మర్యాద తెలియనివాడి కింద లెక్క. మధ్యాహ్నం భోజనం వేళ అంగళ్లు మూస్తారు. వారానికొక నాడు సంత. ఏ పనికైనా ఊరి మేయరు కార్యాలయానికి పోవాలి. ఈ పద్ధతులకు విసుక్కుని తమవాళ్లతోనే మెలిగేవాడు ఇరవై ఏళ్లున్నా అతిథే. సంతలో రొట్టెలమ్మే ఆమె పిల్లల పేర్లు తెలిసినవాడు రెండేళ్లకే ఊరివాడు. మన పల్లెలో మాత్రం వేరేనా? "ఏంనా, బాగుండావా?" అని ముందు పలకరించని మనిషిని మనమూ ఎంతకాలమైనా పరాయివాడనే అంటాం.

మరి ఇవన్నీ ఇప్పుడెందుకంటే, ఇక్కడ కూర్చున్న చాలామందికి రెండు ఊర్ల సమస్య ఉంది. అక్కడ ఇరవై ఏళ్లున్నా పక్కింటివాళ్ల పేరు తెలియనివాళ్లు మనలో ఉన్నారు. వారాంతం వస్తే తెలుగువాళ్ల ఇళ్లకే ప్రయాణం. ఇక్కడేమో ఊర్లో మూడంతస్తుల ఇల్లు కట్టి, ఏడాదికి పదకొండు నెలలు తాళం. రెండు చోట్లా ఇల్లుంది, రెండు చోట్లా ఊరు లేదు.

అమ్మానాన్నల సంగతి ఇంకా కష్టం. పీలేరు సంతలో వంకాయలు బేరమాడి తెచ్చే అమ్మ, ఆరు నెలల వీసా మీద మీ దగ్గరికొస్తే గుమ్మం దాటడానికి మీ సెలవు కోసం ఎదురుచూడాలి. కారు నడపలేదు, భాష రాదు, పొద్దు పోదు. ఆమెకు మీ ఇంటి పక్క గ్రంథాలయం దారి చూపండి. పార్కులో నడిచే పక్కింటి ముసలామెకు పరిచయం చేయండి. ఇద్దరికీ ఒక భాష లేకపోయినా పెరట్లో కొత్తిమీర మొలకెత్తితే మాట్లాడుకుంటారు.

ఇక మాకు, అంటే ఊర్లో ఉన్నవాళ్లకు. మన జిల్లాల్లోకి ఇప్పుడు మళ్లీ కొత్తవాళ్లు వస్తున్నారు. సత్యవేడు పక్క శ్రీసిటీలో జపాన్ కంపెనీలున్నాయి, మెట్రో రైలు పెట్టెలు చేసే ఫ్రాన్సు కంపెనీ ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ వచ్చాయి. దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు, విద్యార్థులు చేరుతున్నారు. తిరుపతిలో అపార్టుమెంట్లు కట్టేది ఒడిశా, బీహారు, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు. ఇంజినీరుకు ఫ్లాటు దొరుకుతుంది. కూలీ బిడ్డ మాత్రం రేకుల షెడ్డులో ఉంటూ, తెలుగు రాక, బడి గేటు బయటే ఆగిపోతుంది. ఐర్లండు దంపతులకు, డెన్మార్కు డాక్టరుకు చోటిచ్చిన సీమ మనది. ఆ బిడ్డకు చోటివ్వలేకపోతే ఆ గొప్పలు చెప్పుకోవడానికి మనకు నోరెక్కడిది?

అందుకే స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను. ఒకటి, మన బడి గదుల్లో ఆదివారాలు కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లలకు తెలుగు నేర్పుదాం. రిటైరైన మా పంతుళ్లు పాఠం చెబుతారు, పలకలు, పుస్తకాలు మీరు చూసుకోండి. రెండు, తాళం వేసిన మీ ఇళ్లలో ముందు హాలు ఒక్కటి వీధి పిల్లలు సాయంత్రం చదువుకోవడానికి తెరవండి. తాళం చెవి పెట్టుకుని చూసుకునే బాధ్యత ఇక్కడున్న బ్యాచ్‌మేట్లది. మూడు, మన బడి నుంచి కొత్తగా విదేశాలకు పోయే పిల్లకో పిల్లవానికో ఆ ఊర్లో ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు మొదటి నెల తోడుండాలి. బస్సు ఎక్కడ, బియ్యం ఎక్కడ అని చెప్పడంతో ఆగకుండా, అక్కడివాళ్ల ఇంటి తలుపు ఎలా తట్టాలో కూడా చెప్పాలి.

ఈ మూడింటికీ పెద్ద నిధులు అక్కర్లేదు. బయట నమోదు బల్ల దగ్గర నోటు పుస్తకం ఒకటి పెట్టించాను. భోజనాలకు పోయే ముందు ఏ పని ఎవరు పట్టుకుంటారో అందులో పేరు, బ్యాచి రాయండి. ఆదివారం తరగతికి మొదటి పేరు నాదే రాసుకున్నాను.