నేలను మరువని జనం: యూదుల స్వదేశ చరిత్ర, మన ఆలోచన

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి యూదుల గురించి మాట్లాడతామంటే "ఆ దేశాల గొడవ మనకెందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. దానికి కారణం చెబుతాం. పోడు పట్టా కోసం అర్జీ పెట్టిన ప్రతి కుటుంబాన్నీ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ నేల మీ తాతలదని రుజువేది?" ఇదే ప్రశ్నను ప్రపంచం యూదులను వందల ఏళ్ళు అడిగింది. వాళ్ళేం చూపించారో, అందులో మనం నేర్చుకోవలసిందేమిటో, జాగ్రత్త పడవలసిందేమిటో చూద్దాం.

ముందు రాతి సాక్ష్యాలు. ఈజిప్టు రాజు మెర్నెప్తా సుమారు 3,200 ఏళ్ళ కిందట వేయించిన శాసనంలో ఇశ్రాయేలు పేరుంది. 1896లో దొరికిన ఆ రాతి మీద అది ఊరి పేరుగా లేదు, ఒక జనం పేరుగా ఉంది. 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తెల్ దాన్ దగ్గర దొరికిన శాసనం దావీదు వంశాన్ని పేర్కొంది. ఈ రెండూ పరాయి రాజులు రాయించినవే. పక్కవాడు, పైగా శత్రువు చెప్పిన సాక్ష్యానికి బలం ఎక్కువ. క్రీ.పూ. 586లో బాబిలోను సేనలు యెరూషలేము ఆలయాన్ని కూల్చి, చాలామందిని చెరపట్టుకుపోయాయి. కోరెషు రాజు కాలంలో కొందరు తిరిగొచ్చి మళ్ళీ కట్టుకున్నారు. ఆ రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు తగలబెట్టారు. దోచుకున్న ఏడు కొమ్మల దీపస్తంభాన్ని మోసుకెళ్తున్న బొమ్మ రోము నగరంలోని తీతు తోరణం మీద ఈనాటికీ కనిపిస్తుంది. 132లో లేచిన బార్ కొఖ్బా తిరుగుబాటును 135లో అణచివేశాక, హాడ్రియన్ చక్రవర్తి యూదయ అనే పేరునే తీసేసి సిరియా పాలస్తీనా అని మార్చాడు. మనుషులను వెళ్ళగొట్టాక ఊరి పేరు మార్చడం పాలకులకు పాత అలవాటే. గూడేల అసలు పేర్లు రికార్డుల్లో ఎలా మారిపోయాయో చూసిన మనకు అది కొత్తగా అనిపించదు.

ఇక రెండో సాక్ష్యం జ్ఞాపకం. మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీని గురించే. యూదులు ఎన్నో దేశాలకు చెదిరిపోయారు. అయినా ఎక్కడున్నా యెరూషలేము వైపు తిరిగే ప్రార్థన చేశారు. ఆలయం కూలిన రోజున ఏటా ఉపవాసముంటారు. పెళ్ళిలో వరుడు గాజు గ్లాసును కాలితో పగలగొడతాడు, సంతోషంలో కూడా ఆ నష్టాన్ని మరచిపోకూడదని. వాళ్ళ పండుగలు ఆ నేల పంటలను బట్టే నడుస్తాయి. మంచు కురిసే రష్యాలో ఉన్న యూదుడు కూడా శరదృతువు పండుగ చివర ఆ దూరపు నేల మీద వాన పడాలని ప్రార్థించాడు. విజ్జపండుం నాడు విత్తనాలను దేవుడి ముందు పెట్టే కోయ పెద్దలకు, నాగోబా కోసం గోదావరి నీళ్ళు కాలినడకన తెచ్చే మెస్రం వంశస్థులకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

అందరూ వెళ్ళిపోయారన్నది కూడా నిజం కాదు. యెరూషలేము, హెబ్రోను, సఫెద్, తిబెరియ ఊళ్ళలో యూదు కుటుంబాలు శతాబ్దాల పాటు కొద్దో గొప్పో ఉంటూనే వచ్చాయి.

మన దేశంలోనూ ఈ జ్ఞాపకం ఉంది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగు ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడి యూదుల్లో చాలామంది 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. మణిపూర్, మిజోరం గిరిజనుల్లో కొందరు తాము మనష్షే గోత్రం వాళ్ళమంటారు. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు ఆ మాటను అంగీకరించారు. వాళ్ళలో కొన్ని వేల మంది అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు.

మూడోది భాష. హీబ్రూ దాదాపు 1,700 ఏళ్ళు ప్రార్థనకూ రాతకూ మిగిలింది గానీ ఇంట్లో పిల్లలు ఆడుకునే భాషగా లేదు. 1881లో యెరూషలేము చేరిన ఎలియెజర్ బెన్ యెహూదా తన ఇంట్లో హీబ్రూ తప్ప మరో మాట వినిపించకూడదని పట్టుపట్టాడు. బడులు, పంతుళ్ళు, తల్లులు అందుకున్నారు. 1922 నాటికి అది అధికార భాషల్లో ఒకటైంది. మన గోండి, కోయ, కొలామి ఇంకా ఇళ్ళలో బతికే ఉన్నాయి. బతికున్న భాషను నిలబెట్టుకోలేమా?

ఇప్పుడు జాగ్రత్త పడవలసిన సంగతి. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని రెండుగా పంచాలని 33 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకించిన 13 దేశాల్లో మన దేశం ఒకటి. యూరప్‌లో 60 లక్షల మంది యూదులను నాజీలు చంపిన కాలమది. తలదాచుకునే చోటు వాళ్ళకు ప్రాణంతో సమానం. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది, యుద్ధం వచ్చింది. ఆ రోజుల్లో సుమారు 7 లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇళ్ళు వదలవలసి వచ్చింది. ఎన్నో కుటుంబాలు ఆ ఇంటి తాళంచెవులను ఇప్పటికీ దాచుకున్నాయి. వాళ్ళ తాతముత్తాతల సమాధులు, ఆలివ్ తోటలు కూడా ఆ నేల మీదే ఉన్నాయి. ఆ తర్వాతి ఏళ్ళలో అరబ్ దేశాల నుంచి లక్షలాది యూదులు కూడా కట్టుబట్టలతో బయటికొచ్చారు.

అందుకే మా సంఘం మాట ఇది. యూదులకు ఆ నేలతో ఉన్న బంధం నిజం. దాన్ని కట్టుకథ అనేవాళ్ళు చరిత్రను కాదంటున్నట్టే. ఆ బంధం పక్కవాడి బంధాన్ని చెరిపేయదన్నది కూడా అంతే నిజం. పాత జ్ఞాపకం తిరిగొచ్చి బతికే హక్కునిస్తుంది, పక్కింటివాణ్ణి వెళ్ళగొట్టే హక్కునివ్వదు. ప్రాజెక్టుల కింద ఊళ్ళూ వేల్పుల గద్దెలూ పోగొట్టుకున్న మనం ఈ మాట అనకపోతే ఇంకెవరంటారు? మన ఏజెన్సీలోనూ తరాలుగా మన పక్కన బతుకుతున్న పేదలున్నారు. భూమి మీద మన హక్కును గట్టిగా అడుగుదాం, వాళ్ళను మనుషులుగా చూస్తూనే అడుగుదాం.

చివరిగా ఒక పని చెబుతాం. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వ నియమం చదవండి. పెద్దల వాంగ్మూలం, పాత ఇళ్ళ ఆనవాళ్ళు, బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు, వంశవృక్షం, ఇవన్నీ సాక్ష్యాలుగా చెల్లుతాయని అందులో ఉంది. అంటే ప్రధాన్ కలాకారుడు కింగ్రీ మీద పాడే వంశ కథ, డోలి కోయలు పాడే ఇలవేల్పుల కథ మనకు కాగితంతో సమానం. డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. కానీ అలాంటి పెద్దలు పోయాక ఆ కథలు ఎవరి దగ్గర ఉంటాయి?

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ పండుగ సెలవుల్లో సెల్‌ఫోన్ పట్టుకుని మీ తాత దగ్గర కూర్చోండి. మీ గూడెం పాత పేరు, వాగుల పేర్లు, గట్టు పేరు, ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో అడిగి రికార్డు చేయండి, రాసిపెట్టండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద వాటినే వినాలని మా కోరిక.

జై సేవా. జై ఆదివాసీ.